నాలుగు దినాల ముసురు తెరిపిచ్చింది, మట్టి మిద్దె కింద పండొచ్చా?

పాలమూరు_బిడ్డ:
మా ఊరు నాగర్‌కర్నూల్ దిక్కు, నేనుండేది హైదరాబాద్‌ల. అమ్మ ఒక్కతే పాత మిద్దెల ఉంటది. నాలుగు దినాల సంది ముసురు, నిన్న పొద్దుగూకంగ తెరిపిచ్చింది. "ఇగ భయం లేదు పో" అంటుంది. నిజమేనా?

గద్వాల_మేస్త్రి:
భయం ఇప్పుడే తమ్మీ. మిద్దె మీది మట్టి అన్ని దినాలు నీళ్లు తాగింది, ఆ బరువంతా దూలాల మీదనే. ఎండ కొడితే గోడ పైపైన ఆరుతది, లోపల తడి అట్లనే ఉంటది. మా మేనమామ ఇల్లు వాన పోయిన రెండోనాడు తెల్లారంగ కూలింది. బర్రె ఈనేటట్టుందని కొట్టంల పండిండు, బతికిండు.
అమ్మను మూడు అడుగు: గోడ మొదట్ల ఉబ్బిందా, దూలం కాడ మట్టి రాలుతుందా, తలుపు బిగుసుకుందా? మొన్నటిదాక మంచిగ పడ్డ తలుపు ఇయ్యాల పడకపోతే ఆ ఇంట్ల పండొద్దు. కవరు కప్పుతమని ఇప్పుడు మిద్దె ఎక్కనీయకు, ఆ పని వానకు ముందుండె.

మూసీ_ఒడ్డు:
మా వలిగొండ కాడ ఇంకో తీరు. ఇక్కడ చుక్క పడదు, మబ్బుండదు. పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు లేపితే సంగెం కాడ మూసీ మీది లోలెవల్ బ్రిడ్జి మునుగుతది. మోకాళ్ల కిందికే ఉన్నయని ఒకసారి బైకు దింపిన. నడిమిట్ల వెనక చక్రం పక్కకు గుంజింది. బండి ఇడిశిపెట్టి రాయి పట్టుకున్న. బండి మూడోనాడు దొరికింది, సైలెన్సర్ నిండ ఇసుక.

హాలియా_రైతు:
బైకులు సరే. ట్రాక్టరుకేం కాదు, మేం రోజూ దాటుతం.

మూసీ_ఒడ్డు:
అన్నా, కొట్టుకపోయేటియిల ట్రాక్టర్లు గూడ ఉంటయి. అడుగు లోతు పారే నీళ్లకే చిన్న కారు తేలుతది. కింద రోడ్డుందో కోసుకపోయిందో నీ ఇంజన్‌కు తెల్వదు గద.

పాలకొండ_అక్క:
పారే నీళ్లే కాదు, నిలబడ్డయి గూడ. 2022 జూలైల మా మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి దారిల రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లల్ల స్కూలు బస్సు ఆగిపోయింది. పిల్లలను బయటికి తీసిండ్రు గాబట్టి సరిపోయింది. అప్పటిసంది వాన దినాల మా పిల్లను బస్సు ఎక్కియ్యాలంటే ముందుగాల డ్రైవరుకు ఫోన్ చేసి ఏ దారిల పోతున్నవని అడుగుత. తిట్టుకుంటడు, తిట్టుకోనీ.

అలంపురం_కోడలు:
2009 అక్టోబర్‌ల తుంగభద్ర ఊర్లకొచ్చింది. మా మామ పాసుబుక్కులు నెత్తిన పెట్టుకొని ఎక్కొచ్చిండు, బర్ల పలుపులు ఇడిపించుడు మర్చిండు. ఇప్పటికీ ఆ మాటొస్తే లేసి బయటికి పోతడు. కాగితాలు ముందే కవర్ల కట్టుకోండ్రి, పోయేటప్పుడు మొదలు పశువులను ఇడవండ్రి.

లైన్‌మన్_ఇంటోడు:
గోడ తడిస్తే బోర్డు ముట్టొద్దు, మెయిన్ బంద్ చేసినంకనే ఏదైనా. బాయికాడ స్టార్టర్ డబ్బా గూడ అంతే. తీగ తెగి పడ్డదా, దూరం నుంచే కరెంటోళ్ల నంబరు 1912కు చెప్పండి. ప్రాణం మీదికొస్తే 112.

పాలమూరు_బిడ్డ:
మేస్త్రన్నా, అడిగిన. దేవునర్ర తలుపు మొన్నటి సంది పడ్తలేదట, "చెక్క ఉబ్బింది లే" అంటుంది. బడికి పొమ్మంటే మేకను ఇడిచి రానన్నది. సర్పంచ్‌కు చెప్పిన. ఇప్పుడే ఫోన్ వచ్చింది, మేకతోని సహా బడిల ఉన్నది. నేను పొద్దుగాల బస్సుకు బయలెల్లుతున్న. డిండి దిక్కు రోడ్డు ఎట్లుందో ఎవరన్నా చెప్పండి.