‘35 - చిన్న కథ కాదు’ చూశారా? లెక్కలు చెప్పేవాళ్ళు, లెక్కలంటే భయపడినవాళ్ళు మీ అభిప్రాయం రాయండి

లెక్కల టీచరు (ప్రశ్న)

ఈ సినిమా 2024 సెప్టెంబరులో విడుదలైనప్పుడు చూడలేకపోయాను. మొన్న ఆదివారం రాత్రి ఆహా ఓటీటీలో చూశాను. మావారు సగంలోనే లేచి వెళ్ళి పడుకున్నారు. నేను మాత్రం చివరిదాకా కదలలేదు, ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా గణితం చెబుతున్నాను. చూడనివారి కోసం కథ రెండు మాటల్లో చెబుతాను. తిరుపతిలో అరుణ్ అనే పిల్లవాడు. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని వాడి సందేహం. జవాబు చెప్పేవారు లేక లెక్కల్లో వెనకబడతాడు. చాణక్య అనే మాస్టారు వాడిని ‘సున్నా’ అనే పిలుస్తారు. బడిలో కొనసాగాలంటే లెక్కల్లో 35 తెచ్చుకోవాలి. చదువు మధ్యలో ఆగిపోయిన తల్లి సరస్వతి తాను లెక్కలు నేర్చుకుని కొడుక్కి నేర్పుతుంది. సరస్వతిగా నివేదా థామస్ నటన చూస్తుంటే మా బడికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయే తల్లులు కళ్ళముందు మెదిలారు. ఈ పాత్రకు ఆమెకు గద్దర్ అవార్డు కూడా వచ్చింది.

ఇప్పుడు నా సంగతి. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, “సున్నాతో భాగించకూడదన్నారు కదా టీచర్, ఎందుకు భాగించకూడదు?” అని అడిగింది. గంట కొట్టడానికి పది నిమిషాలే ఉంది, అభ్యాసం ఇంకా సగం మిగిలి ఉంది. “పుస్తకంలో అలాగే ఉంది, రాసుకో” అన్నాను. ఆ ఏడాది చివరిదాకా ఆ పిల్ల మళ్ళీ చెయ్యి ఎత్తలేదు. సినిమాలో మాస్టారు పిల్లవాడిని చూసే చూపులో నాకు కనిపించింది ఆ పదినిమిషాలే.

మర్నాడు ఆరో తరగతికి చీపురు పుల్లలు పట్టుకెళ్ళాను. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక మోపు. బల్ల మీద రెండు మోపులు, అయిదు విడి పుల్లలు పెట్టి ఎన్ని అని అడిగాను. ముగ్గురు ‘ఇరవై అయిదు’ అని రాశారు. కట్టలు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది, ఆ ఖాళీని కూడా రాయాలి కదా అన్నాక, వెనక బల్ల మీది పిల్లవాడు వచ్చి మధ్యలో సున్నా పెట్టాడు. ఇన్నేళ్లలో నేను ఈ పాఠం పుల్లలతో చెప్పింది ఇదే మొదటిసారి.

నేను అడగదలచింది ఇది. మాస్టారి పాత్రను అలా చూపించడం న్యాయమేనని మీకు అనిపించిందా? నాకైతే అనిపించింది, కానీ నా మనసులో ఉన్న తప్పే నాచేత అలా అనిపిస్తోందేమో తెలుసుకోవాలని ఉంది.

ఇద్దరు పిల్లల తండ్రి

సినిమా నాకూ నచ్చింది, కానీ ఒక విషయంలో ఒప్పుకోలేను. పిల్లవాడు అడిగింది సున్నాకు అర్థం. కథ మాత్రం 35 మార్కుల చుట్టూ తిరిగింది. మార్కు వస్తుందా రాదా అన్న ఆత్రుతలో పడి, నేనే వాడి ప్రశ్నను మరిచిపోయాను. మా అమ్మాయి తొమ్మిది చదువుతోంది. సినిమా అయిపోగానే తను అడిగింది: “నాన్నా, వాడికి 34 వచ్చి ఉంటే ఆ ప్రశ్న తప్పయిపోయేదా?” దానికి నా దగ్గర జవాబు లేదు.

మాస్టారి విషయానికొస్తే, తరగతిలో యాభై మంది ఉన్నప్పుడు ఒక్కొక్కరి దగ్గరా ఎవరు ఆగగలరు? ఆ భారం సినిమాలో చాలినంతగా కనబడలేదు. అన్ని వేళ్ళూ ఒక్క మనిషివైపు చూపించినట్టయింది. సంగీతం మాత్రం చాలా బాగుంది. వివేక్ సాగర్ ఎక్కడా కన్నీళ్ళ కోసం తొందరపడలేదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, నీ బాధ అర్థమైంది. ఒక చిన్న సంగతి చెబుతాను, మనసు కాస్త తేలికపడుతుంది. సున్నాతో లెక్కలు ఎలా చెయ్యాలో సూత్రాలుగా రాసిన బ్రహ్మగుప్తుడు, 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం అనే గ్రంథంలో సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. ఈనాటి గణితం దాన్ని ఒప్పుకోదు. అయిదు వందల ఏళ్ల తర్వాత భాస్కరాచార్యుడు, ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే వచ్చేదానికి ఖహరం అని పేరు పెట్టి, అది అనంతం అన్నాడు. దాన్నీ మనం యథాతథంగా తీసుకోము. అంతటివాళ్ళు తడుముకున్న చోటే మీ బడిలో ఆ ఎనిమిదో తరగతి పిల్ల చెయ్యి ఎత్తింది. ఆ పిల్ల ఎంత దూరం ఆలోచించిందో చూడు.

మళ్ళీ ఎవరైనా అడిగితే తీసివేతతో చెప్పు. పన్నెండులోంచి మూడు చొప్పున తీస్తూ పోతే నాలుగుసార్లకు అయిపోతుంది. సున్నా చొప్పున తీస్తే ఎన్నిసార్లు తీసినా పన్నెండు పన్నెండుగానే ఉంటుంది. పిల్లలచేత నల్లబల్ల మీద నిజంగానే తీయించు, ఆరేడుసార్లు తీసేసరికి వాళ్ళే ఆపేస్తారు.

పాత్ర గురించి అడిగావు. నాకు న్యాయంగానే అనిపించింది. ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను, పిల్లలను మార్కులతో పిలిచే మాస్టార్లను చూశాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అలా పిలిస్తే పౌరుషం వచ్చి చదువుతారని మనస్ఫూర్తిగా నమ్మారు.

చెక్కపని

టీచర్ గారూ, పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి సరిగ్గా 35తో గట్టెక్కినవాడిని నేను. అందుకే పేరు చూసి ఈ సినిమా పెట్టుకున్నాను. మొదటి సగం కొంచెం నెమ్మదిగా సాగింది. కానీ తల్లి పుస్తకం ముందేసుకుని కూర్చున్నప్పుడు ఏడుపు ఆగలేదు. మా అమ్మకు చదువు రాదు. పరీక్ష రోజు బడి గేటు బయట చెట్టు కింద కూర్చుని ఉండేది, అంతే.

బడిలో భిన్నాలంటే నాకు వణుకు. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు నేను చేసేవి భిన్నాలే. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. తలుపు రెక్కకు మూడు నూళ్ళు తగ్గించమంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులని నా చెయ్యికి తెలుసు. పుస్తకంలోది, టేపు మీద ఉన్నది ఒకటేనని ఎవరైనా ఆనాడు ఒక్క మాట చెప్పి ఉంటే నాకు రెండేళ్లు మిగిలేవి. ఆ మాస్టారి మీద నాకు కోపం రాలేదు టీచర్ గారూ. మా మాస్టారు గుర్తొచ్చారు, ఆయన నా పేరైనా గుర్తుపెట్టుకున్నారా అనిపించింది.

లెక్కల టీచరు

మాస్టారూ, తీసివేత పద్ధతి నిన్ననే ఎనిమిదో తరగతిలో చేయించాను. తొమ్మిదోసారికి “ఇది అవ్వదు టీచర్” అన్నారు. మీకు నమస్కారాలు.

34 గురించి అడిగిన మీ అమ్మాయికి నా జవాబు: తప్పయ్యేది కాదు తల్లీ. కానీ మా మార్కుల రిజిస్టరులో ఆ మాట రాయడానికి గడి లేదు. సినిమా అక్కడిదాకా వెళ్ళి ఉండాల్సిందని మీ మాట చదివాక నాకూ అనిపిస్తోంది.

చెక్కపని చేసే తమ్ముడూ, వచ్చే వారం ఏడో తరగతిలో భిన్నాలు మొదలుపెడుతున్నాను. పుల్లలకు బదులు ఈసారి టేపు తీసుకెళ్తాను. అంగుళం మీది ఆ చిన్న గీతలన్నిటినీ మీరు నూళ్ళతోనే లెక్కపెడతారా? అంతకన్నా సన్నని కొలత కావాల్సివస్తే ఏమంటారు? అదీ రాయండి, పిల్లలకు పనివాళ్ళ మాటల్లోనే చెబుతాను.