ఎండాకు తెగులును తట్టుకున్న సాంబ మసూరికి మెడవిరుపు ఎందుకు వచ్చింది?

కొల్లిపర రైతు:
మాది గుంటూరు జిల్లా. కిందటి సార్వాలో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేశాము. పక్క చేలో బీపీటీ 5204 (మామూలు సాంబ మసూరి) ఆకులు బాక్టీరియా ఎండాకు తెగులుతో అంచుల నుంచి ఎండిపోయినా మా చేను పచ్చగా నిలిచింది. తీరా వెన్ను తీశాక, వెన్ను మెడ దగ్గర కుళ్లి విరిగే మెడవిరుపు కనిపించింది. తెగులును తట్టుకునే విత్తనానికి ఈ తెగులు ఎలా వచ్చింది? ఇది జన్యుమార్పిడి పంట అనీ, సొంత విత్తనం దాచుకుంటే ఆ గుణం పోతుందనీ ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

వృక్ష ప్రజనన విద్యార్థిని, బాపట్ల:
మెడవిరుపు అగ్గి తెగులు రూపమేనండి, దానికి కారణం శిలీంధ్రం. మీ రకంలో ఉన్న ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 అనే మూడు జన్యువులు ఎండాకు తెగులు కలిగించే బాక్టీరియాను మాత్రమే ఎదుర్కొంటాయి కనుక అగ్గి తెగులుకు అవి అడ్డు కావు.

ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి సంకరం ద్వారా వచ్చింది; కణం పైపొరలో కాపలా ఉండి బాక్టీరియా జాడను పసిగడుతుంది. ఎక్స్‌ఏ13 కథ వేరు, నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. మామూలు వరిలో చక్కెరను కణం బయటికి పంపే ఒక జన్యువును బాక్టీరియా తన ప్రోటీనుతో మేల్కొలిపి, ఆ చక్కెరతో తన కడుపు నింపుకుంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, మొక్క సొంత జన్యువే శత్రువుకు వడ్డిస్తుంది. ఎక్స్‌ఏ13లో ఆ జన్యువును మేల్కొలిపే చోటు మారిపోయి ఉండటంతో బాక్టీరియా ప్రోటీనుకు పట్టు దొరకదు. ఒక్కటే జన్యువును నమ్ముకుంటే బాక్టీరియా మారి దాన్ని దాటేస్తుంది, అందుకే మూడింటినీ కలిపారు.

ఇది జన్యుమార్పిడి పంట కాదు. హైదరాబాదులోని వరి పరిశోధనాలయం, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి సాంబ మసూరితోనే పదే పదే సంకరం చేసి, ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తుల ఆధారంగా మొక్కలను ఎంచి రూపొందించిన ఈ రకం 2008లో విడుదలైంది.

విత్తనోత్పత్తిదారు, తెనాలి:
వరి స్వపరాగ సంపర్క పంట, అంటే తన పుప్పొడితోనే గింజ కడుతుంది. కల్తీ లేకుండా దాచుకుంటే గుణం ఎక్కడికీ పోదు. పోయేది కళ్లంలో, గోతాల్లో వేరే గింజలు కలిసినప్పుడే.

కొల్లిపర రైతు:
పక్క చేని పుప్పొడి పడితే ఏమవుతుందండి?

వృక్ష ప్రజనన విద్యార్థిని, బాపట్ల:
అలా జరగడం చాలా అరుదు. జరిగినా, ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 అంతర్గత జన్యువులు కనుక తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అందితేనే పనిచేస్తాయి. ఆ సంకర గింజ నుంచి వచ్చిన మొక్కలో అవి రెండూ నిద్రాణంగా ఉండి, ఒక్కరి నుంచి అందినా పనిచేసే బహిర్గత జన్యువైన ఎక్స్‌ఏ21 ఒక్కటే కాపు కాస్తుంది. కాబట్టి విత్తనానికి గట్ల పక్క వరుసలు వదిలి, చేను నడుమ నుంచి, మెడవిరుపు లేని వెన్నులనే ఏరుకోండి.