సమస్య: ఎరువు వేయ వేయ విరులు కరువు

ఆటవెలది చివరి పాదం ఇది, ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. వచ్చిన పూరణలు కవుల కలం పేర్లతో, ఒక్కోదాని కింద నా మాటతో ఇస్తున్నాను. పద్యంలోని మొక్క నస్టర్షియం అనే పూలమొక్క, అదీ గోడకు కట్టిన వలను పట్టుకుని పాకే రకం. ఎరువు వేస్తే పూలు తగ్గడమేమిటి అన్నదానికి జవాబు పద్యంలోనే ఉండాలి, కింద వివరణలో కాదు. ఎరువు–విరులు ప్రాసయతి (యతి స్థానంలో రెండో అక్షరాలు "రు"–"రు" కలిశాయి), గమనించండి.

మిద్దెతోట:
ఆకుపచ్చ గొడుగు లల్లుకొనుచు నిండె
పూవు జాడ లేదు పొదల నడుమ
మంచి తోటమాలి మక్కువే కీడాయె
ఎరువు వేయ వేయ విరులు కరువు

మిద్దెతోట గారూ, మొదటి పాదం చాలా బాగుంది. ఈ ఆకుకు కాడ అంచున కాకుండా దాదాపు నడిమధ్య అతుక్కుని ఉంటుంది కాబట్టి గొడుగు అచ్చంగా సరిపోయింది, పైగా దీనికి పట్టుకుని పాకడానికి వేరే నులితీగలుండవు, ఆ ఆకుకాడలే దారానికో పుల్లకో మెలిపడి తీగను నిలబెడతాయి గనక "అల్లుకొనుచు" కూడా ఆకులకే చెల్లింది. మూడో పాదమే తృప్తినివ్వలేదు. మక్కువ ఎందుకు కీడైంది? ఇదే పద్యం గులాబీకి చదివితే ఏ తోటమాలీ ఒప్పుకోడు.

పాదు:
నాసి నేలనైన నస్టర్షియము మెచ్చు
కొండ పుట్టినిల్లు కొసరు వలదు
బలిసెనేని యాకు పందిరంతయు నిండు
ఎరువు వేయ వేయ విరులు కరువు

కారణం దొరికింది! ఆండీస్ కొండల వైపు నుంచి 17వ శతాబ్దం చివర్లో ఐరోపా తోటలకు చేరిన మొక్క ఇది. ఎరువులోని నత్రజని ఎక్కువైతే బలమంతా ఆకుకే పోతుందన్న సంగతి "బలిసెనేని యాకు"లో వచ్చేసింది. "కొసరు వలదు" నాకు ఎంతో నచ్చింది. కానీ "నేలనైన" అంటే మంచి నేలనూ మెచ్చుతుందనే అర్థం వస్తోంది. "నాసి నేల చాలు నస్టర్షియమునకు" అనండి, గణాలూ యతీ చెడవు.

వంటిల్లు:
కారమైన యాకు కంచాన వడ్డింప
మిరియమేల యింక మెతుకులోకి
కోరి వేయుడయ్య కూర కోసమె మీరు
ఎరువు వేయ వేయ విరులు కరువు

ఎవరికీ తట్టని దారి. ఆకూ పువ్వూ రెండూ తినేవే, ఆ ఘాటూ నిజమే. అయితే మూడో పాదంలో ఎరువు వెయ్యమని చెప్పి నాలుగో పాదంలో పూలు కరువంటే మధ్యలో అతుకు లేదు. "కూర కోసమైన కొరతేమి పోనిమ్ము" అని చూడండి, పూలు పోతే పోనీ అన్న ధీమా చివరి పాదం దాకా వస్తుంది.

పువ్వు వెనక తోకలా సాగి తేనె దాచుకునే భాగం మీద ఇంకా ఎవరూ రాయలేదు, రాయండి.