అప్‌డేట్: నారోబోట్ ఇంజిన్ వేడెక్కే సమస్య తీరింది

లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి గ్రాండ్ యూనియన్ కెనాల్ మీద నారోబోట్‌లో (కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ) ఒంటరిగా వెళ్తున్నాను, గంట నడిపేసరికి ఇంజిన్ వేడెక్కిపోతోంది అని పోయిన నెల అడిగింది నేనే. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

ప్రొపెల్లర్‌కి చెత్త చుట్టుకుని ఉంటుందని ఎక్కువమంది అన్నారు. ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్‌ని అందుకోడానికి ఉండే మూత) తెరిచి చూశాను. ఓ ప్లాస్టిక్ సంచి, ఎవరిదో చొక్కా దొరికాయి. వేడి మాత్రం తగ్గలేదు. థర్మోస్టాట్ మార్చడం దండగ ఖర్చే అయింది.

స్టోక్ బ్రూయర్న్‌లో మెకానిక్ వచ్చి చూస్తే, స్కిన్ ట్యాంకులో గాలి చిక్కుకుంది. నా పడవలో కాలువ నీళ్లు ఇంజిన్‌లోకి రావు. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) పడవ రేకుకి ఆనుకున్న ఆ ట్యాంకులో తిరిగి చల్లబడుతుంది. ట్యాంకు పైనున్న బ్లీడ్ స్క్రూ (లోపలి గాలిని వదిలే స్క్రూ) చూడమని ఒకరు ముందే చెప్పారు, నేనే పట్టించుకోలేదు. ఇంజిన్ బాగా చల్లారాక స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి కూలెంట్ కారేదాకా ఆగి బిగించాం. తగ్గినంత కూలెంట్ పోశాం. అంతే.

2,813 మీటర్ల బ్లిస్‌వర్త్ సొరంగం టెన్షన్ లేకుండా దాటాను. హాటన్‌లో పడవని ఒక్కడినే 21 లాకులు (నీటిమట్టం పెంచి పడవని పైకి లేపే గేట్ల గదులు) ఎక్కించేసరికి వేడెక్కింది నేనే.