ప్లగ్ పీకినా టీవీ పోయింది. పిడుగుల నుంచి ఇంటిని కాపాడుకోవడం ఎలా?

మేడగది:
మొన్న రాత్రి వానకు ముందు పెద్ద పిడుగు. మా ఇంటి మీద కాదు, నాలుగిళ్ల అవతల చెట్టు మీద పడింది. ఉరుములు దగ్గరవుతుంటే పరుగెత్తి టీవీ, సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గులు పీకేశాను. పొద్దున చూస్తే రెండూ లేవలేదు. రౌటర్ వెనక లాన్ కేబుల్ గుచ్చే చోట గోరంత నల్ల మచ్చ, ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడే స్విచ్) ఒక్కటీ పడలేదు. మేడ మీద పిడుగు కడ్డీ పెట్టించమని ఒకరు, స్టెబిలైజర్ చాలని ఇంకొకరు. మీ ఇళ్లలో ఏం చేశారు?

పాతమీటర్:
డిష్ కేబుల్, లాన్ కేబుల్ కూడా తీశారా?

మేడగది:
లేదండి. అవి కరెంటు తీగలు కావు కదా అనుకున్నా. రౌటర్ ప్లగ్ కూడా పీకలేదు.

తీగలపని:
అయితే పోయింది అక్కడే. డిష్ తీగ మేడ మీది నుంచి వస్తోంది, రౌటర్ కరెంటు లైన్ మీద ఉండి లాన్ తీగతో టీవీ వైపు కలిసింది. రెండు వైపులా వోల్టేజి ఒక్కోలా లేచింది, మధ్యలో మీ టీవీ వంతెనైంది. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు. లైన్ మీద ఎంతో దూరాన పడ్డా, పక్కన నేల మీద పడ్డా తీగల్లో సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి) పుడుతుంది. అది మైక్రో సెకన్ల ఆట. ఎంసీబీ కదలడానికే మిల్లీ సెకన్లు కావాలి, స్టెబిలైజర్ ఇంకా నిదానం.

కడ్డీ పని వేరు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1750ల్లో చెప్పిన సూత్రమే ఇప్పటికీ: పిడుగును ఆపదు, పడినదాన్ని గోడలు పగలకుండా, ఇల్లు అంటుకోకుండా నేలలోకి దింపుతుంది. టీవీని కాపాడాల్సింది మెయిన్ బోర్డులో పెట్టే సర్జ్ ప్రొటెక్టర్. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం ఇక్కడ కుదరదు.

నీలిమేఘం:
కడ్డీ పెట్టించాక మర్చిపోకండి. మా మేడ మీద కడ్డీ ఉందన్న ధీమాతో ఉండేవాళ్లం. ఒకరోజు వెనక గోడ వైపు వెళ్తే, కిందికి దిగే రాగి పట్టీ నడుము ఎత్తున తెగి ఉంది. రంగులు వేసినవాళ్లు అడ్డమని తీసి, చివర మడిచి, దాని మీదే రంగు కొట్టి వెళ్లారు. అది జరిగి రెండేళ్లయింది! తెగిన చోటి నుంచి పిడుగు గోడలోని కరెంటు తీగలోకి దూకేది. ఇప్పుడు వానాకాలం ముందు పట్టీని చేత్తో తడుముకుంటూ పై నుంచి కిందిదాకా చూస్తా.

రాతిగోడ:
ఒక కంపెనీ మనిషి, వాళ్ల కడ్డీ ఒక్కటే చుట్టూ వంద మీటర్లు కాపాడుతుందన్నాడు. నిజమా?

తీగలపని:
నమ్మకండి. పిడుగు రక్షణకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62305లో కాపాడే దూరం కడ్డీ అసలు ఎత్తును బట్టే లెక్క, లోపల ఏదో పరికరం ఉందని పెంచేది లేదు. కిందికి దిగే పట్టీలు కనీసం రెండు ఉండాలి, అవీ వంపులు లేకుండా. మలుపు గట్టిగా ఉంటే కరెంటు అక్కడ పట్టీని వదిలి దూకుతుంది.

రాతిగోడ:
కంప్యూటర్‌కి వేరే ఎర్త్ కొట్టించా. అది మంచిదే కదా?

పాతమీటర్:
నేనూ అలాగే అనుకుని రెండు కంప్యూటర్లు పోగొట్టుకున్నా. లెక్క చూడండి. పిడుగులో దాదాపు 30 వేల ఆంపియర్లు ఉంటాయి. ఎర్త్ గుంత నిరోధం ఒక్క ఓమే ఉన్నా (మామూలు ఇళ్లలో అంత తక్కువ రాదు, 10 ఓమ్‌లలోపు ఉంటే బాగున్నట్టే), అక్కడి నేల 30 వేల వోల్టులకు లేస్తుంది. పక్క గుంత కిందే ఉండిపోతుంది. ఆ తేడా అంతా కంప్యూటర్ మీద. కడ్డీ, మీటరు, డిష్ స్తంభం, నీళ్ల ఇనుప పైపు, అన్ని ఎర్త్‌లూ ఒకదానికొకటి కలపాలి. అప్పుడు లేస్తే అన్నీ కలిసి లేస్తాయి.

నీలిమేఘం:
మేడగది గారూ, ఒక్క మాట. ఉరుములు దగ్గరికొచ్చాక ప్లగ్ పట్టుకోకండి, కొళాయి కూడా. మబ్బు పట్టగానే పీకేయాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 3 సెకన్లంటే కిలోమీటరు దూరం. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

మేడగది:
అందరికీ థ్యాంక్స్. ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. డిష్ స్తంభం ఎర్త్ తీగ పక్కనే మట్టిలో పాతిన ఇనుప ముక్కకి చుట్టి ఉంది, అంతే! దాన్ని మెయిన్ ఎర్త్‌కి కలిపించా. బోర్డులో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ (తీగల వెంట వచ్చే సర్జ్‌కి) వేశాడు కానీ దాన్ని కలిపే తీగ మీటరు పొడవు వదిలాడు. అర మీటరు దాటకూడదట కదా, తగ్గించమని పోరాడా. కడ్డీ ఇప్పుడే వద్దనుకున్నా.

తీగలపని:
కడ్డీ పెట్టిస్తే మాత్రం బోర్డులో టైప్ 1 (నేరుగా పడిన పిడుగు కరెంటును తట్టుకునే రకం) కూడా కావాలి. సర్జ్ ప్రొటెక్టర్ మీద చిన్న కిటికీ ఉంటుంది, ఎర్రగా మారితే ఆ ముక్క మార్చేయాలి.

మేడగది:
ఇప్పుడే చూశా. పచ్చగానే ఉంది.