డచ్ సమాసాల్లో ఊనిక (నొక్కి పలకడం) ఎక్కడ పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పరూ

నమస్కారమండీ. మావారి ఉద్యోగం వల్ల నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వచ్చి రెండేళ్లయింది. డచ్ చదవడం వచ్చేసింది, పలకడమే రావట్లేదు. ముఖ్యంగా రెండు మూడు మాటలు అతికించేసి ఖాళీ లేకుండా రాసే సమాసాలు.

మొన్న ఒక బోర్డు మీద 'మసాజె', 'బెట్' కలిపి రాసిన మాట చూశాను. మసాజ్ చేయించుకునే బల్ల అన్నమాట. నేనేమో 'మస్స', 'ఖెబెట్' అని విరిచి, 'మస్స' మీద ఊనిక పెట్టి చదివాను. అంటే సామూహిక ప్రార్థన! పక్కనున్నావిడ పడీ పడీ నవ్వింది. అక్షరాలన్నీ అవే; విరుపు మారితే 'గ' అక్షరం పలికే తీరు, ఊనిక రెండూ మారిపోయాయి.

సమాసంలో ఊనిక మామూలుగా మొదటి మాట మీదే ఉంటుందని క్లాసులో చెప్పారు. సరే అనుకుంటే, టౌన్‌హాల్‌ని 'స్టాట్‌హౌస్' అంటూ రెండో ముక్కని నొక్కుతున్నారు. ఇలాంటివి గుర్తుపట్టడానికి ఏదైనా కిటుకుందా, బట్టీ పట్టాల్సిందేనా?

ఇంకొకటి. పళ్ల డాక్టరుకి 'టాండ్', 'ఆర్ట్స్' కలిపిన మాట. మన సంధి అలవాటు కొద్దీ నేను 'టాన్‌డార్ట్స్' అనేస్తున్నాను. మాట చివరి 'డ' 'ట' అవుతుంది కదా, మరి సమాసం మధ్యలో కూడా 'టాంట్‌ఆర్ట్స్' అనే పలకాలా? ఇక్కడే పెరిగిన పిల్లలున్నవాళ్లు వాళ్లనడిగైనా చెప్పండి, పుణ్యముంటుంది. మావాడికి నాలుగేళ్లే, అడిగితే పారిపోతున్నాడు.