ఏడాది దాటినా బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని ఛాతీ పైకి బరువు లేపడం) 40 కిలోల దగ్గరే ఆగిపోయింది, వర్కవుట్ ఎలా మార్చాలి?

పటమట కుర్రాడు:
నాకు 24 ఏళ్లు, బరువు 62 కిలోలు. ఆటోనగర్‌లో పని, ఉదయం 6 గంటలకి ఇంటి దగ్గర జిమ్‌కి వెళ్తాను. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్లు. ఛాతీ రోజున దాదాపు 22 సెట్లు (ఆగకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్) కొడతాను, రెండు రోజులు చెయ్యి ఎత్తలేనంత నొప్పి. మొదటి నాలుగు నెలలు బాగానే పెరిగాను, ఆ తర్వాత ఏమీ లేదు. మా ట్రైనర్ కండరాలకి షాక్ ఇవ్వాలంటూ వారం వారం ఎక్సర్‌సైజులు మార్చేస్తున్నాడు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి అన్నా.

బ్రాడీపేట అన్న:
తమ్ముడూ, నేనూ మూడేళ్లు ఇలాగే చేశాను కాబట్టి చెప్తున్నా. ఒకే రోజు 22 సెట్లు కొడితే సగం దాటాక నీలో బలం ఉండదు, చివరివి అలసట కోసం చేసినట్టే, పైగా ఆ ఛాతీకి మళ్లీ వారం దాకా పని ఉండదు. అవే సెట్లు తగ్గించి వారంలో రెండు రోజులకి పంచు. సోమ, గురువారాలు నడుము పైభాగం, మంగళ, శుక్రవారాలు కాళ్లు. ఒక్కో కండరానికి వారం మొత్తానికి 10 నుంచి 12 సెట్లు నీకు ఇప్పటికి చాలు. సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండు నిమిషాలు ఆగు, ఫోన్ చూస్తూ ఐదు నిమిషాలు కాదు.

అసలు విషయం బరువు పెంచడం. ఒక నోట్‌బుక్ కొనుక్కో. 40 కిలోలతో మూడు సెట్లు, ఎనిమిదేసి రెప్స్‌తో మొదలుపెట్టు, ఒకసారి లేపి దించితే ఒక రెప్. ఇంకొకటో రెండో మాత్రమే లేపగలను అనిపించినప్పుడు ఆపు. మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజు రాసుకుని, తర్వాతిసారి రెండున్నర కిలోలు కలుపు, రెప్స్ మళ్లీ ఎనిమిదికి పడిపోతాయి, పడనీ. నేను తొందరపడి ఒకేసారి పది కిలోలు వేసి భుజం పట్టేసి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాను. వారం వారం ఎక్సర్‌సైజు మారిస్తే నువ్వు పెరిగావో లేదో ఎలా తెలుస్తుంది? కనీసం రెండు నెలలు అవే చెయ్యి. నొప్పిని బట్టి లెక్కేసుకోకు, కొత్త ఎక్సర్‌సైజు ఏది చేసినా నొప్పి వస్తుంది.

లక్ష్మీపురం అక్క:
ఏం తింటున్నావో రాయలేదు తమ్ముడూ. నీ బరువుకి రోజుకి దగ్గర దగ్గర 100 గ్రాముల ప్రోటీన్ కావాలి, కిలోకి 1.6 గ్రాముల లెక్క. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, ఆదివారం మాత్రమే కోడికూర అంటే అందులో సగం కూడా రాదు. నాలుగు గుడ్లకి 24 గ్రాములు, 50 గ్రాముల మీల్ మేకర్‌కి ఇంచుమించు 25 గ్రాములు వస్తాయి. మిగతాది చికెన్, పెరుగు, పప్పు, వేయించిన శనగలతో సరిపెట్టుకోవచ్చు. అన్నం మానేయకు, సన్నగా ఉన్నావు, బరువు పెరగకుండా కండ పెరగడం కష్టం. ప్రతి ఆదివారం పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకో, రెండు వారాలైనా ముల్లు కదలకపోతే ఇంకో పిడికెడు పల్లీలు కలుపు.

పటమట కుర్రాడు:
నిజమే అక్కా, గుడ్డు వారానికి రెండే తింటున్నాను. అన్నా, ఒక డౌట్. శుక్రవారాలు నాకు నైట్ షిఫ్ట్, కాళ్ల రోజు సగం సార్లు ఎగ్గొడుతున్నా. వారానికి మూడు రోజులే కుదిరితే?

బ్రాడీపేట అన్న:
ముందే చెప్పొచ్చుగా! అయితే సోమ, బుధ, శనివారాలు పెట్టుకో, ప్రతిసారీ ఒళ్లంతా చెయ్యి. స్క్వాట్‌తో, అంటే భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేవడంతో మొదలుపెట్టు, ఎప్పుడూ చివరికి మిగిలిపోతున్నవి కాళ్లే కదా. తర్వాత బెంచ్ ప్రెస్, ఆ తర్వాత వీపు కోసం రోయింగ్ (బరువుని ఒంటి వైపు లాగడం), ఒక్కోటీ నాలుగేసి సెట్లు, అంటే వారానికి పన్నెండు అయిపోయాయి. చివర్లో ఒక రోజు భుజాలు, ఒక రోజు చేతులు, ఒక రోజు తొడల వెనక భాగం, మూడు సెట్లు చాలు. గంటలో అయిపోతుంది. శుక్రవారం షిఫ్ట్ దిగాక ఇంటికెళ్లి పడుకో, శనివారం సాయంత్రం జిమ్‌కి వెళ్లు, నిద్ర లేకుండా స్క్వాట్ బార్ కింద నిలబడకు. మొదటి వారం రాసిన పేజీ ఇక్కడ పెట్టు, చూస్తాను.